పక్కవాద్యాల పేర్లు కూడా వేయండి

సంపాదకులవారికి,

నమస్కారం. మాది కాకినాడ. నాకు 73 ఏళ్ళు. నలభై ఏళ్ళకు పైగా మృదంగం వాయించాను. గాత్ర కచేరీలకీ, హరికథలకీ, కూచిపూడి ప్రదర్శనలకీ, శ్రీరామనవమి పందిళ్ళలోనూ, ఎవరు పిలిస్తే వాళ్ళ పక్కన కూర్చున్నాను. రేడియోలో కళాకారులకి ఇచ్చే గ్రేడుల్లో బి-హై వరకు వచ్చాను. ఇప్పుడు కుడిచేతి ఉంగరం వేలు సరిగా ముడుచుకోవడం లేదు. అందుకని వాయించడం మానేసి పిల్లలకి పాఠాలు చెప్పుకుంటున్నాను. మార్చి నుంచి న్యూజెర్సీలో మా అమ్మాయి ఇంట్లో ఉన్నాను. ఇక్కడికి వచ్చినా మీ పత్రిక జిల్లా పేజీ ఫోన్లో చూశాకే నాకు కాఫీ.

ఈ ఉత్తరానికి కారణాలు రెండు. ఒకటి ఏప్రిల్ నెలాఖరు శనివారం రాత్రి నేనిక్కడ విన్న ఒక జాజ్ కచేరీ. జాజ్ అంటే అమెరికాలో నల్లవాళ్ళ దగ్గర పుట్టిన సంగీతం. రెండోది ఫిబ్రవరిలో మీ జిల్లా పేజీలో వచ్చిన ఒక చిన్న వార్త. ముందు కచేరీ గురించి రాస్తాను. వార్త సంగతి దాని తర్వాతైతేనే అర్థమవుతుంది.

మా మనవడు ఎనిమిదో క్లాసు. వాళ్ళ బడిలో పిల్లల జాజ్ బ్యాండ్ ఉంది. అందులో వాడు డబుల్ బేస్ వాయిస్తాడు. అది వాడికన్నా పొడుగు. మన వయొలిన్ ఆకారంలోనే ఉంటుంది గానీ నిలబెట్టి, పక్కన నించుని, ఎక్కువగా వేళ్ళతో మీటుతారు. నేను వచ్చిన రెండో వారంలో వాడు వచ్చే ఏడాది బేస్ మానేసి ట్రంపెట్ తీసుకుంటానన్నాడు. ఎందుకురా అంటే, "తాతయ్యా, నువ్వే చూడు, అమ్మ తీసిన వీడియోలో నేను లేను. నా బేస్ ఉంది, అదీ సగమే" అన్నాడు. వీడియో చూశాను. వాడు చెప్పింది నిజమే. ముందు వరసలో ట్రంపెట్ పిల్లలు నిండుగా ఉన్నారు. వెనకాల మావాడి భుజం, బేస్ మెడ కనిపిస్తున్నాయి. మా ఇంట్లో గోడకి ఉన్న నా ఫొటోలన్నీ అలాంటివే. శాలువా కప్పుకున్న గాయకులు మధ్యలో ఉంటారు, మృదంగం ఎడమ మూత ఒక అంచున కనిపిస్తుంది.

వాళ్ళ మ్యూజిక్ టీచర్ ఈ కచేరీ గురించి చెప్పి, బేస్ వాయించే పిల్లలు తప్పకుండా వెళ్ళాలన్నారట. అందుకని వెళ్ళాం. అదొక కాలేజీ హాలు, రెండు వందల కుర్చీలుంటాయి. అమెరికాలో ఏప్రిల్‌ని జాజ్ నెలగా జరుపుతారు, ఆ వరసలో పెట్టిన కార్యక్రమం. వాయించేవాళ్ళు ఐదుగురు: బేస్, డ్రమ్స్, పియానో, గిటార్, శాక్సఫోన్. బృందానికి పెద్ద ఆ బేస్ వాయించే ఆయనే. వయసులో నాకు నాలుగైదేళ్ళు చిన్న అయ్యుంటాడు. కుర్చీల మీద పెట్టిన కరపత్రంలో ఆ రాత్రి ఎవరికి నివాళో రాసి ఉంది. ఫ్రెడ్డీ గ్రీన్, హ్యారీ కార్నీ, పాల్ గొన్సాల్వెస్, మిల్ట్ హింటన్, పాల్ చాంబర్స్, జిమ్మీ కాబ్. వీళ్ళలో ఒక్క పేరు కూడా నాకు తెలియదు. డ్యూక్ ఎలింగ్టన్, మైల్స్ డేవిస్ లాంటి పెద్దవాళ్ళ పేర్లు రేడియో మిత్రుల దగ్గర విన్నాను. ఈ ఆరుగురూ అలాంటి పెద్దల పక్కన, వెనకన వాయించినవాళ్ళు. ఇక్కడ వాళ్ళని సైడ్‌మెన్ అంటారు. మన పక్కవాద్యం అనే మాటా అక్షరాలా అదే కదా. కరపత్రం చదువుతుంటే నాకు ఒళ్ళు జలదరించింది. కేవలం పక్కవాద్యాల కోసమే ఒక సాయంత్రం, వాళ్ళ ఫొటోలకే తెర, వాళ్ళ పేర్లకే పెద్దక్షరాలు. నా జీవితంలో ఎక్కడా చూడలేదు.

మొదట తెర మీదికి ఫ్రెడ్డీ గ్రీన్ వచ్చాడు. 1911లో సౌత్ కరొలైనా రాష్ట్రంలోని చార్ల్‌స్టన్‌లో పుట్టాడు. 1937లో కౌంట్ బేసీ అనే పియానో ఆయన నడిపే బ్యాండ్‌లో గిటార్ వాయించడానికి చేరాడు. 1987 మార్చిలో చనిపోయేదాకా అదే బ్యాండ్‌లో ఉన్నాడు. యాభై ఏళ్ళు! బేసీ 1984లోనే పోయాడు. పెద్దాయన పోయాక కూడా ఈయన మూడేళ్ళు అదే చోట కూర్చుని వాయించాడు. 1950లో డబ్బు ఇబ్బందులు వచ్చి బేసీ పెద్ద బ్యాండ్ రద్దుచేసి చిన్న బృందం పెట్టుకున్నాడట, గ్రీన్‌ని అందులోకి తీసుకోలేదట. ఒక రాత్రి గ్రీన్ ఎవరూ పిలవకుండానే గిటార్ పట్టుకుని వచ్చి, స్టేజి ఎక్కి తన చోట కూర్చున్నాడని, బేసీ ఏమీ అనలేకపోయాడని చెప్పుకుంటారు. ఈ కథ విన్నప్పుడు నాకు కళ్ళు చెమర్చాయి. అలా వెళ్ళి కూర్చునే ధైర్యం నాకెప్పుడూ లేకపోయింది.

గ్రీన్ సోలో, అంటే ఒంటరిగా, వాయించడమే చాలా అరుదు. వాళ్ళ తాళంలో ఒక గడిని బారు అంటారు. బారుకి నాలుగు మాత్రలు, అంటే నాలుగు దెబ్బలు, నాలుగింటికీ నాలుగు మీటులు. ఆంప్లిఫయర్ లేని మామూలు చెక్క గిటార్. పదిహేను పదహారు మంది బాకాలూ డ్రమ్సూ మోగించే బ్యాండ్‌లో ఆ గిటార్ ఎవరికి వినిపిస్తుంది? ఇదే ప్రశ్న బేస్ పెద్దాయన మమ్మల్ని అడిగాడు. ఇప్పుడు వాయించే పాటలో ఒకచోట గిటార్ ఆపేస్తాం, ఎక్కడ ఆపామో చెప్పండి అన్నాడు.

నేను అలవాటు కొద్దీ తొడ మీద తాళం వేస్తూ విన్నాను. రెండు ఆవర్తనాలు, అంటే రెండు చుట్లు, అయ్యాయి. వాళ్ళు ఆవర్తనాన్ని కోరస్ అంటారు. మూడో దాంట్లో ఏదో మారింది. ఏ శబ్దమూ ఆగినట్టు అనిపించలేదు. డ్రమ్స్ ఉంది, బేస్ ఉంది, పియానో ఉంది. కానీ కాలి కింద నేల కొంచెం మెత్తబడినట్టయింది. మన కచేరీలో తంబురా ఆగిపోతే గాయకుడు ఒక్కసారి పక్కకి చూస్తాడే, అచ్చం అలా నేను తల తిప్పి గిటార్ వైపు చూశాను. ఆయన చెయ్యి ఒళ్ళో ఉంది. హాల్లో చాలామంది నాలాగే అప్పుడే అటు చూశారు. నాలుగో ఆవర్తనంలో గిటార్ మళ్ళీ మొదలైనప్పుడు అందరం చప్పట్లు కొట్టాం. మా మనవడు నా చెవిలో, "తాతయ్యా, ఆయన లేకపోతేనే తెలుస్తోంది" అన్నాడు.

తర్వాత ఎలింగ్టన్ బ్యాండ్ మనుషులు. హ్యారీ కార్నీ అనే ఆయన బారిటోన్ శాక్సఫోన్, అంటే మంద్రమైన గొంతు శాక్సఫోన్ వాయించేవాడు. 1927లో 17 ఏళ్ళ పిల్లవాడిగా చేరి ఎలింగ్టన్ 1974 మే 24న చనిపోయేదాకా వదల్లేదు. ఊరి నుంచి ఊరికి వెళ్ళేటప్పుడు ఎలింగ్టన్‌ని తన కారులో ఎక్కించుకుని తనే నడిపేవాడు. ఎలింగ్టన్ పోయిన ఐదో నెలలోనే అక్టోబరులో కార్నీ కూడా పోయాడు. ఎలింగ్టన్ గురించి ఒక మాట మీ పాఠకులకి చెప్పాలి. ఆయన బ్యాండ్ కోసం స్వరం రాసిన కాగితాల పైన వాద్యం పేరు బదులు వాయించే మనిషి పేరు రాసేవాడట. ఫలానా శాక్సఫోన్‌కి అని కాకుండా ఫలానా మనిషికి అని. పక్కవాద్యాన్ని గౌరవించడం అంటే నాకు తెలిసి అది.

ఇక పాల్ గొన్సాల్వెస్. ఈయన గురించి ఎంత రాసినా నాకు తనివి తీరదు. 1956 జులై 7 రాత్రి, రోడ్ ఐలాండ్ రాష్ట్రంలోని న్యూపోర్ట్ ఉత్సవం. అప్పటికి ఎలింగ్టన్ పని అయిపోయిందని చాలామంది అనుకుంటున్నారు. అర్ధరాత్రి దగ్గరపడింది, జనం లేచి వెళ్ళిపోతున్నారు. ఎలింగ్టన్ తన పాత పాటలు రెండు, 1937 నాటివి, ఒకదాని వెనక ఒకటి మొదలుపెట్టాడు. ఆ రెంటికీ మధ్య టెనర్ శాక్సఫోన్‌తో గొన్సాల్వెస్ వంతెన కట్టాలి. అది బ్లూస్ అనే పద్ధతి పాట. పన్నెండు బార్లు, బారుకి నాలుగు మాత్రలు, అంటే ఆవర్తనానికి 48. ఆయన ఒకటి వాయించాడు, రెండు, పది. జనం ఆగారు. ఒకావిడ లేచి నాట్యం మొదలుపెట్టింది. కుర్చీలు ఎక్కి నిలబడ్డారు. స్టేజి పక్కన బేసీ బ్యాండ్ పాత డ్రమ్మర్ జో జోన్స్ నిలబడి, చేతిలోని న్యూస్‌పేపర్ చుట్టగా చుట్టి దాంతో దరువు వేస్తూ వాళ్ళని ఎగదోశాడు. గొన్సాల్వెస్ 27 ఆవర్తనాలు ఆపకుండా వాయించాడు. కుర్చీలో కూర్చునే లెక్కగట్టాను: 1,296 మాత్రలు. మన ఆదితాళంలో 162 ఆవర్తనాలు, అదీ ద్రుతకాలంలో, అంటే వేగంగా. ఊపిరితో వాయించే వాద్యం మీద!

ఆ నెల దాటగానే ఎలింగ్టన్ బొమ్మ టైమ్ పత్రిక ముఖచిత్రంగా వచ్చింది. ఆ రాత్రి పేరుతో వచ్చిన రికార్డు ఆయన రికార్డులన్నిటిలోకీ ఎక్కువ అమ్ముడుపోయింది. ఈ కథ చెప్పి బేస్ పెద్దాయన ఇంకో మాటన్నాడు. గొన్సాల్వెస్ 27 సార్లు తిరుగుతున్నప్పుడు కింద తాళం కదలకుండా పట్టుకున్న ఇద్దరున్నారు, బేస్ మీద జిమ్మీ వుడ్, డ్రమ్స్ మీద శామ్ వుడ్‌యార్డ్, వాళ్ళ కోసం కూడా చప్పట్లు కొట్టండి అన్నాడు. పక్కవాద్యానికి పక్కవాద్యం. నేను లేచి నిలబడి కొట్టాను.

ఆ రాత్రి గొన్సాల్వెస్ పొరపాటున రికార్డు కంపెనీ మైకు వదిలేసి, పక్కనున్న వాయిస్ ఆఫ్ అమెరికా రేడియో మైకులోకి వాయించాడు. దాంతో కంపెనీ టేపులో ఆయన సోలో దూరం నుంచి వచ్చినట్టు వినిపించేది. ఆ రేడియో టేపు తర్వాత దొరికితే, రెంటినీ కలిపి 1999లో కొత్తగా విడుదల చేశారు. అంటే ఆయన ఊదింది ఊదినట్టు జనం చెవిన పడటానికి 43 ఏళ్ళు పట్టింది. ఆయన 1974 మే 15న లండన్‌లో చనిపోయాడు. అప్పటికి ఎలింగ్టన్ మంచం మీద ఉన్నాడు. ఆ కబురు తట్టుకోలేడని ఆయనకి చెప్పలేదు.

గొన్సాల్వెస్ అనే పేరు మనవాళ్ళకి కొత్త కాదు. ఈయన పూర్వులది ఆఫ్రికా పక్కనున్న కేప్ వర్డ్ దీవులు. అవీ పోర్చుగీసువాళ్ళ కిందే ఉండేవి, మన గోవాలాగే. 1977లో వచ్చిన హిందీ సినిమా పాట, 'మై నేమ్ ఈజ్ ఆంథొనీ గొన్సాల్వెస్', మన తెలుగు ఊళ్ళలో కూడా మైకుల్లో మోగింది. ఆ ఆంథొనీ గొన్సాల్వెస్ నిజంగా ఉన్నాడు. గోవా నుంచి బొంబాయి వచ్చి సినిమా ఆర్కెస్ట్రాల్లో వయొలిన్ వాయించాడు, వాద్యబృందాలకి స్వరాలు రాశాడు. ఆ సినిమాకి సంగీతం చేసిన ఇద్దరిలో ఒకరైన ప్యారేలాల్‌కి గురువు. శిష్యుడు గురువు పేరుని అలా పాటలో పెట్టి దేశమంతా పాడించాడు. నేనూ ఆ పాటని వందసార్లు విన్నాను. అది ఒక వయొలిన్ మాస్టారి పేరని మాత్రం యాభై దాటాక తెలిసింది.

మిల్ట్ హింటన్ బేస్ వాయించేవాడు. దాంతోపాటు ఒక కెమెరా మోసుకు తిరిగేవాడు. బస్సులో నిద్రపోతున్నవాళ్ళనీ, స్టేజి వెనక చొక్కా ఇస్త్రీ చేసుకుంటున్నవాళ్ళనీ ఫొటోలు తీశాడు. దక్షిణాది రాష్ట్రాల్లో నల్లవాళ్ళని వేరే ద్వారంలోంచి రమ్మని రాసిన బోర్డుల కింద తన తోటి వాద్యకారులు నిలబడి ఉన్న ఫొటోలు కూడా తీశాడు. ఆ బొమ్మలు తెర మీద ఒక్కొక్కటే వెళ్తుంటే బేస్ పెద్దాయన ఏమీ మాట్లాడలేదు, సన్నగా మీటుతూ ఉన్నాడు. కోనసీమలో హరికథ అయ్యాక ప్రధాన కళాకారుడికి పెద్దింట్లో భోజనం పెట్టి, మమ్మల్ని సత్రం అరుగు మీదికి పంపిన రాత్రులు నాకు గుర్తొచ్చాయి. వాళ్ళు పడింది దీనికన్నా ఎన్నో రెట్లు ఎక్కువ, పోల్చడం నా ఉద్దేశం కాదు. గుర్తుకి వచ్చిందని చెప్తున్నాను.

పాల్ చాంబర్స్ వచ్చేసరికి మా మనవడు కుర్చీ అంచుకి వచ్చేశాడు. 1935 ఏప్రిల్ 22న పిట్స్‌బర్గ్‌లో పుట్టి డెట్రాయిట్‌లో పెరిగాడు చాంబర్స్. ఇరవై ఏళ్ళకే మైల్స్ డేవిస్ బృందంలో చేరాడు. 1959లో న్యూయార్క్‌లో, పూర్వం చర్చిగా ఉన్న ఒక స్టూడియోలో 'కైండ్ ఆఫ్ బ్లూ' అనే రికార్డు చేశారు. జాజ్ తెలియనివాళ్ళ ఇళ్ళలో కూడా ఉండే రికార్డు అది. అందులో మొదటి పాటని బేస్ నడిపిస్తుంది. బేస్ ఒక ప్రశ్న అడిగినట్టు మీటితే, బాకాలు రెండే స్వరాలతో అవునన్నట్టు జవాబిస్తాయి. ఆ పెద్దవాళ్ళందరూ అలా బేస్‌కి జవాబు చెప్తుంటే మావాడి మొహం చూడాల్సింది. ఆ రికార్డుకి రెండుసార్లు కూర్చున్నారు, మార్చి 2న ఒకసారి, ఏప్రిల్ 22న ఒకసారి. రెండోసారి కూర్చున్న రోజు చాంబర్స్ పుట్టినరోజు. 24 నిండాయి.

అదే ఏడాది శాక్సఫోన్ వాయించే జాన్ కోల్ట్రేన్ తన సొంత రికార్డు ఒకటి చేస్తూ చాంబర్స్ పేరు మీద ఒక పాట కట్టాడు, 'మిస్టర్ పీ.సీ.' అని. అప్పటికి కోల్ట్రేన్ కూడా మైల్స్ దగ్గర పక్కవాద్యమే. తన పేరున్న పాటకి చాంబర్సే బేస్ వాయించాడు. ఇవాళ్టికీ జాజ్ నేర్చుకునే పిల్లలు ఆ పాట నేర్చుకుంటారు, మా మనవడి పుస్తకంలోనూ ఉంది. వాడు పీ.సీ. అంటే కంప్యూటర్ అనుకున్నాడట. చాంబర్స్ 1969లో క్షయతో పోయాడు. 33 ఏళ్ళు.

ఆ పాట వాయించినప్పుడు చివర్లో శాక్సఫోనూ డ్రమ్సూ నాలుగేసి బార్ల చొప్పున మార్చుకున్నారు. తాళవాద్యాలకే వదిలేసే తని ఆవర్తనంలో మృదంగం, ఘటం ఒకరి వెనక ఒకరు తగ్గించుకుంటూ వాయించే కురైపు మీకు తెలుసు కదా, దానికి దగ్గరి చుట్టం. నేను కళ్ళు మూసుకుని విన్నాను. ఒకటి గమనించాను. డ్రమ్మర్ ఒక్కడే వాయిస్తున్నప్పుడు హాల్లో ఒక్కరూ లేవలేదు. మన దగ్గర తని మొదలవగానే కుర్చీల చప్పుడు వినిపిస్తుంది. కాఫీకి లేస్తారు, ఫోన్లు మాట్లాడుకుంటారు. నలభై ఏళ్ళు ఆ వీపుల్ని చూస్తూ వాయించాను. ఇక్కడ కూడా బేస్ సోలో వచ్చినప్పుడు కబుర్లు మొదలుపెట్టే జనం ఉంటారని తర్వాత ఆ పెద్దాయనే మావాడితో అన్నాడు. ఆ రాత్రి మాత్రం ఎవరూ మాట్లాడలేదు.

ఇంకో విషయం. ప్రతి సోలో అయ్యాక ఆయన మైకు దగ్గరికి వచ్చి వాయించినవాళ్ళ పేరు చెప్పాడు. పాట చివర మళ్ళీ చెప్పాడు. కచేరీ చివర మరోసారి. ఇది ఆ రాత్రికే ప్రత్యేకం కాదు, జాజ్‌లో అది మామూలు మర్యాద. ఇంటికొచ్చేసరికి ఆ ఐదుగురి పేర్లూ నాకు నోటికి వచ్చేశాయి.

తర్వాతి వారాల్లో మా అమ్మాయి వాళ్ళ ఊరి లైబ్రరీలో పాత జాజ్ రికార్డులు తెచ్చుకుని విన్నాను. పాటలకన్నా ముందు అట్టల వెనక చదివాను. ఎవరు ఏ వాద్యం వాయించారో దాదాపు ప్రతి అట్ట మీదా ఉంది. చాలావాటి మీద ఏ తారీఖున ఏ స్టూడియోలో చేశారో కూడా ఉంది. ఈ లెక్కంతా పుస్తకాలకెక్కించే పని 1936లోనే ఫ్రాన్స్‌లో చార్ల్స్ డెలొనే అనే ఆయన మొదలుపెట్టాడు. అలా రాసిపెట్టబట్టే 1959 ఏప్రిల్ 22న ఆ స్టూడియోలో బేస్ పట్టుకున్నది ఎవరో కాకినాడ మృదంగం మనిషికి ఇవాళ తెలిసింది.

పేర్లు వేశారు గనక డబ్బులు కూడా దక్కాయని అనుకోకండి. పక్కవాద్యాలకి ఆ పూటకి కూలి ఇచ్చి పంపేవాళ్ళు, రికార్డు ఎన్ని లక్షలు అమ్ముడైనా సాధారణంగా అంతే. పేరు ఒక్కటే మిగిలింది. ఆ పేరు కూడా దక్కనివాళ్ళున్నారు. డెట్రాయిట్‌లో మోటౌన్ కంపెనీ పాటలకి వాయించినవాళ్ళలో చాలామంది రాత్రిళ్ళు క్లబ్బుల్లో జాజ్ వాయించేవాళ్ళే. ప్రపంచమంతా పాడుకున్న పాటలకి వాయించారు. 1971లో మార్విన్ గే అనే గాయకుడి రికార్డు వచ్చేదాకా మోటౌన్ అట్టల మీద సాధారణంగా వాళ్ళ పేర్లు ఉండేవి కావు. వాళ్ళలో జేమ్స్ జేమర్సన్ అనే బేస్ వాద్యకారుడు వేసిన గతుల్ని ఇవాళ పిల్లలు పాఠంగా నేర్చుకుంటున్నారు. మన పాత సినిమా రికార్డుల సంగతీ అంతే కదా. పాడినవారు, రాసినవారు, సంగీతం. ఆ పాట మధ్యలో మనం ఈల వేసుకునే క్లారినెట్ ముక్క వాయించిందెవరు?

ఇక ఫిబ్రవరి వార్త. మా జిల్లాలో ఒక ఊళ్ళో గాత్ర కచేరీ జరిగింది. మీ విలేకరి వార్త పంపారు, ఫొటో కూడా వేశారు, సంతోషం. జ్యోతి వెలిగించినవారి పేర్లు నాలుగు ఉన్నాయి. శాలువా కప్పినవారి పేర్లు రెండు. పందిరి, మైకు ఏర్పాటు చేసినవారి పేరు కూడా ఉంది, అది ఉండటం న్యాయమే. ఆ తర్వాత, "వాద్య బృందం చక్కటి సహకారం అందించింది" అని ఉంది. అంతే.

ఆ బృందంలో వయొలిన్ వాయించిన అబ్బాయి నాకు తెలిసినవాడు. రాజమండ్రి నుంచి బస్సులో వచ్చి వాయించి, రాత్రి బస్సుకే తిరిగి వెళ్ళాడు. తొలిసారి ఒక పెద్ద గాయకురాలి పక్కన కూర్చున్నాడు. వాళ్ళమ్మగారు పేపర్లో అబ్బాయి పేరు వచ్చిన ప్రతి ముక్కా కత్తిరించి ఒక నోటుబుక్కులో అంటిస్తారు. ఈ వార్త వచ్చిన రోజు కత్తెర తీసుకుని కూర్చుని రెండుసార్లు చదివారట. నేను ఫోన్ చేస్తే ఆ అబ్బాయి, "పర్లేదు మాస్టారూ, ఇది మనకి అలవాటేగా" అన్నాడు. వాడికి 22 ఏళ్ళు. ఆ వయసుకే అలవాటైపోయిందంటే నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

ఆ కచేరీ రికార్డింగు నాకు ఎవరో పంపారు, విన్నాను. కల్పనస్వరాల్లో, అంటే అప్పటికప్పుడు అల్లి పాడే స్వరాల్లో, ఒకచోట గాయకురాలు ఎత్తుగడ, అంటే పాట అందుకునే చోటు, అర మాత్ర ముందు తీసుకున్నారు. ఎంత పెద్దవాళ్ళకైనా అది జరుగుతుంది. మృదంగం అబ్బాయి మరుక్షణంలో సర్దేశాడు, వయొలిన్ దాన్ని అందుకుని సమానికి, అంటే తాళం మొదటి దెబ్బకి, తెచ్చి ఒప్పజెప్పాడు. హాల్లో ఒక్కరికీ తెలియలేదు. తెలియకుండా చెయ్యడమే మా వృత్తి. ఈ పని చేసినవాళ్ళ గురించి రాయడానికి సహకారం అనే ఒక్క మాట సరిపోతుందా, మీరే చెప్పండి.

విలేకరుల ఇబ్బంది నాకు తెలుసు. స్థలం తక్కువ, రాత్రి పది దాటాక వార్త పంపాలి. నిర్వాహకులు రాసిచ్చే కాగితంలో ముఖ్య అతిథుల పేర్లే ఉంటాయి, పక్కవాద్యాల పేర్లు వాళ్ళే రాయరు. అందుకని సభల నిర్వాహకులకీ ఇదే నా విన్నపం. మీ కాగితంలో రాయండి, కరపత్రంలో వేయండి, మైకులో ఒకసారి చెప్పండి. మీ విలేకరులకి మీరు ఒక్క మాట చెప్పండి: సంగీతం, నాట్యం, హరికథ, నాటకం ఏ వార్త పంపినా వాయించినవాళ్ళ పేరూ వాద్యం పేరూ అడిగి రాయమని. బుర్రకథ వార్తలో వంత పాడిన ఇద్దరి పేర్లు కూడా. మొత్తం కలిపి ఒక్క లైను పడుతుంది.

కచేరీ అయ్యాక మా మనవడు స్టేజి దగ్గరికి వెళ్ళాడు. నేను వెనకాలే నిలబడ్డాను. బేస్ పెద్దాయన ఏమీ అడక్కుండా వాడి కుడిచెయ్యి పట్టుకుని వేళ్ళ చివర్లు చూశాడు. బొబ్బలు పగిలి గట్టిపడుతున్నాయి. తన వేళ్ళు చూపించాడు, చెప్పు అడుగులా ఉన్నాయి. అప్పుడు నా వైపు చూసి, నా చేతులు కూడా చూపించమన్నాడు. ఉంగరం వేలి మీద కాయ ఇంకా ఉంది. ఏం వాయిస్తారని అడిగాడు. మృదంగం అని చెప్పాను. ఎవరితో వాయించారని అడిగాడు. నేను వాయించిన గాయకుల పేర్లు చెప్పబోయి ఆగి, నా పక్కన ఏళ్ళ తరబడి కూర్చున్న వయొలిన్, ఘటం, మోర్సింగ్ వాళ్ళ పేర్లు చెప్పాను. ఒక్కొక్క పేరునీ ఆయన తన నోటితో మళ్ళీ పలికి చూసుకున్నాడు.

ట్రంపెట్ విషయం మా వాడు మళ్ళీ ఎత్తలేదు. నేనూ అడగలేదు.

ఫిబ్రవరి కచేరీలో వయొలిన్, మృదంగం, ఘటం వాయించిన ముగ్గురి పేర్లూ ఊళ్ళూ విడిగా ఒక కాగితం మీద రాసి ఈ ఉత్తరంతో పంపుతున్నాను. మీ జిల్లా పేజీలో సవరణగా వేయగలరు. ఉత్తరం పొడుగైందని నాకు తెలుసు. స్థలం చాలకపోతే నేను రాసిందంతా తీసేసి ఆ మూడు పేర్లు వేయండి.

ఇట్లు,
ఒక మృదంగ వాద్యకారుడు,
కాకినాడ (ప్రస్తుతం న్యూజెర్సీ)